మీకు తెలుసా? మీల్ మేకర్ ఆడవాళ్లకు ముప్పు కాదు!

బిర్యానీలో, కుర్మాలో వేసే మీల్ మేకర్ నూనె తీసేసిన సోయా పిండితో తయారవుతుంది. ఎండు ముక్కల బరువులో దాదాపు సగం ప్రోటీనే! వేడినీళ్లలో నానబెట్టి, గట్టిగా పిండి, తాలింపులో వేస్తే మసాలా అంతా పీల్చుకుంటాయి. మాంసం ముట్టని ఇల్లాలికి ఇంత చవకగా ఇంత ప్రోటీన్ ఇచ్చేవి తక్కువే.

అయినా ‘సోయా తింటే రొమ్ము క్యాన్సర్ వస్తుందట’ అని చాలామంది జంకుతారు. సోయాలోని ఐసోఫ్లేవోన్లు అనే పదార్థాలు స్త్రీ హార్మోన్ ఈస్ట్రోజెన్‌ను పోలి ఉండటమే ఆ భయానికి మూలం. పోలిక నిజమే, కానీ వాటి ప్రభావం చాలా బలహీనం.

చైనాలోని షాంఘైలో రొమ్ము క్యాన్సర్ వచ్చిన 5,042 మంది మహిళలను పరిశోధకులు కొన్నేళ్లపాటు గమనించారు. 2009లో ఫలితాలు వెలువడ్డాయి. టోఫు, సోయా పాలు వంటివి ఎక్కువగా తీసుకున్నవారిలో వ్యాధి తిరగబెట్టడం, మరణాలు రెండూ తక్కువగా కనిపించాయి. ఆ మేలంతా సోయాదేనని చెప్పలేం గానీ, హాని మాత్రం కనబడలేదు. ఇది వంటింటి సోయా మాట. ఐసోఫ్లేవోన్ మాత్రల సంగతి వేరు, క్యాన్సర్ వచ్చినవాళ్లు డాక్టర్‌ను అడగకుండా వాటిని వాడకూడదు.

నెలసరి ఆగే వయసులో వచ్చే వేడి ఆవిర్లు సోయాతో కొందరికి కాస్త తగ్గుతాయి.

థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు సోయా మానేయనక్కర్లేదు. అయితే మాత్ర ఒంటికి పట్టకుండా సోయా అడ్డుపడవచ్చు కాబట్టి, పరగడుపున మాత్ర వేసుకుని, సోయా పాలు కొన్ని గంటలు ఆగి తాగాలి.