నిద్రపోతున్న పిల్లిని లేపకండి!

టోక్యోలో పాతకాలపు కాఫీ హోటల్, అందులో పిల్లులు, తీరిగ్గా మధ్యాహ్న భోజనం... ఆదివారానికి హాయైన కథనం కావాలన్నారు ఎడిటర్. యనాక పేటకు అనుమానంతోనే వెళ్లాను. పిల్లులంటే నాకు ప్రాణం. గంటకింతని వసూలు చేసి వాటిని చూపించే చోట వాటికి సుఖమేముంటుందన్నది నా బెంగ. టేబుల్ మీద పెట్టిన కార్డు చదివాక అది సగం తీరింది.

చేత్తో రాసి, ప్లాస్టిక్ తొడుగు వేసిన కార్డు అది. చేతులు కడుక్కుని కూర్చోండి. నిద్రపోతున్న పిల్లిని లేపొద్దు. ఎత్తుకోవద్దు. తనంతట తాను వస్తే నిమరండి. ఫ్లాష్ వేసి ఫొటో తీయొద్దు. మీ పళ్లెంలోది పెట్టొద్దు. ఈ చివరి మాట కింద ఎర్రటి గీతలున్నాయి.

దానికి కారణం నా పళ్లెంలోనే ఉంది. కోలగా ఉన్న స్టీలు ప్లేటులో నాపోలితాన్ వచ్చింది. మెత్తగా ఉడికిన స్పగెట్టీని ఉల్లిపాయ, క్యాప్సికం, సాసేజ్ ముక్కలతో కెచప్‌లో వేయిస్తారు. కెచప్ అంచుల్లో కాస్త మాడి, తియ్యటి వాసన వేస్తోంది. ఉల్లిపాయ పిల్లులకు విషం. వండినా సరే, వాటి ఎర్ర రక్తకణాలను దెబ్బతీసి రక్తహీనత తెస్తుంది. ముద్దుకొద్దీ పెట్టే ముద్ద వాటికి హాని చేయవచ్చు.

ఎదుటి కుర్చీలో చారల పిల్లి పడుకుంది. లోపలికొచ్చిన ఓ పెద్దాయన దాన్ని చూసి, చప్పుడు చేయకుండా పక్క కుర్చీ లాక్కున్నారు. తిండి ఆశ చూపి దగ్గరకు పిలిచే వీలు లేదు కాబట్టి ఎవరి భోజనం వారిది, పిల్లి నిద్ర పిల్లిది. అక్కడి హాయికి మూలం ఇదేనని నా నమ్మకం.

చరిత్ర రెండు ముక్కల్లో: ఉయెనోలో 1888లో కాఫీ దుకాణం తెరిచారు, షోవా కాలంలో (1926–89) ‘కిస్సాతెన్’లు (ఇలాంటి కాఫీ హోటళ్లు) వీధివీధికీ వెలిశాయి, నాపోలితాన్ యుద్ధానంతరం యొకొహామాలోని హోటల్ న్యూ గ్రాండ్‌లో పుట్టిందంటారు, క్యాట్ కేఫ్ 1998లో తైపీలో మొదలై 2004లో ఒసాకా చేరింది. పెంపుడు జంతువులను ఒప్పుకోని అద్దె ఇళ్లు ఎక్కువ కావడంతో జపాన్‌లో దానికి గిరాకీ పెరిగింది.

యనాక వెళ్లాలనుకుంటే
మనవాళ్లు ఎక్కువగా ఉండే నిషి-కసాయి నుంచి తోజాయ్ లైన్‌లో ఒతెమాచి వెళ్లి, చియోదా లైన్‌కు మారి సెందాగిలో దిగండి. నాపోలితాన్‌లో మాంసం ఉంటుంది. శాకాహారులు మందపాటి బ్రెడ్ టోస్ట్, వెన్న అడగొచ్చు. మామూలు క్యాట్ కేఫ్‌లలో చాలావాటిలో వంట ఉండదు, పానీయాలే. పిల్లులు, కుక్కలను రాత్రి 8 తర్వాత ప్రదర్శించకూడదని 2012లో నిబంధన వచ్చింది. ఏడాది దాటిన పిల్లులు తిరిగే కేఫ్‌లకు మాత్రం 10 దాకా సడలింపు ఉంది.

మన నగరాల్లోనూ పెట్ కేఫ్‌లు వస్తున్నాయి. పెట్టేవారికి నా విన్నపం ఒక్కటే: కుర్చీలు, దీపాల కంటే ముందు అలాంటి కార్డు రాయించండి, అందులోని ప్రతి మాటనూ అమలు చేయండి.