కార్చిచ్చు: కారణములు, కీడు, కాపుదల

సూరతు నగరమునుండి తూర్పుగా పోయినచో, చెఱకు తోటలు ముగిసిన పిమ్మట నేల మెల్లమెల్లగా ఎత్తెక్కును. అచ్చట మాండ్వి, మాంగరోలు, ఉమర్‌పాడా తాలూకాల అడవులు ఎదురగును. వానికి ఆగ్నేయముగా డాంగు జిల్లా టేకు వనములు కలవు. ఈ ప్రాంతమున వాన దాదాపుగా జూను మొదలు సెప్టెంబరు వఱకే కురియును. శీతకాలము ముగియుసరికి టేకు మొదలగు చెట్లు ఆకు రాల్చును. ఫిబ్రవరి నాటికి గడ్డి ఎండిపోవును, అడవి నేల యంతయు ఎండుటాకులతో నిండియుండును. అప్పటినుండి తొలకరి వఱకు గల కాలము కార్చిచ్చుల కాలము.

సూరతులోని లింబాయత్ మొదలగు పేటలలో, తెలంగాణమునుండి వచ్చి మరమగ్గములపై పనిచేయు తెలుగు కుటుంబములు అనేకము కలవు. వారి స్వస్థలముల చేరువనున్న ఆదిలాబాదు, నల్లమల అడవులు గూడ వేసవిలో ఇట్లే ఆకు రాల్చునవి. ఇచ్చటివారు మహుడో యని పిలుచు చెట్టు మన ఇప్పయే. వారు టీమరు అనునది మన తునికియే. కావున ఈ పత్రమునందు చెప్పబడిన సంగతులు ఇచ్చట నివసించువారికిని, స్వగ్రామములందలి వారి బంధువులకును సమానముగా అక్కఱకు వచ్చును.

మంట ఎట్లు పుట్టును?

మంటకు మూడు వస్తువులు కావలెను: కాలుటకు ఇంధనము, గాలి, తొలుత అంటించుటకు వేడి. ఈ మూడును ఒకచోట కూడినప్పుడు ఊరికిని అడవికిని భేదము లేదు. 1837వ సంవత్సరము ఏప్రిలు మాసమున సూరతు నగరమున నొక గొప్ప అగ్నిప్రమాదము సంభవించి తొమ్మిది వేలకు పైగా ఇండ్లు దగ్ధమైనవి. కొయ్యతో కట్టిన ఇండ్లు ఒకదాని నొకటి ఆనుకొనియుండుటయు, వేసవి ఎండయు, గాలియు ఆ మంటకు తోడ్పడినవి. అడవిలో ఆ కొయ్య ఇండ్ల స్థానమున ఎండుటాకులు, ఎండుగడ్డి ఉండును.

వేసవి ఎండ అడవిని మండుటకు సిద్ధము చేయును గాని, తానై నిప్పంటించుట మిక్కిలి అరుదు. పిడుగువలన పుట్టు మంటలు మన దేశమున కొద్ది. అత్యధిక భాగము మనుష్యుల చేతలవలననే కలుగును. ఆ చేతలలో పెక్కు దురుద్దేశముతో చేయబడునవి కావు. బ్రదుకు తెరువునకై చేయబడునవి.

మార్చి, ఏప్రిలు మాసములలో ఇప్పపూలు రాత్రివేళ రాలి తెల్లవాఱునప్పటికి నేలపై పడియుండును. ఎండుటాకుల నడుమ పూలు కనబడవు గనుక, ఏరుకొనువారు చెట్టుక్రింది ఆకులను ముందుగా కాల్చివేయుదురు. బీడీలకు పనికివచ్చు తునికాకు లేతగా చిగుర్చుటకై కొందఱు పొదలకు నిప్పు పెట్టుదురు. పశువులకు క్రొత్త గడ్డి మొలచునని కొందఱు పచ్చికబయళ్లను తగులబెట్టుదురు. పొలములలో చెఱకు చెత్తను కాల్చునప్పుడు ఒక గాలివిసురు చాలును, మంట గట్టు దాటి అడవి నందుకొనును. ఆర్పని బీడీముక్క, బాటసారులు విడిచిన పొయ్యి మొదలగునవి గూడ ఇట్టివే. చెట్టుక్రింద పెట్టిన నిప్పు ఆఱినదని తలచి ఇంటికి పోయిన పిమ్మట, బూడిదలో దాగిన కణిక మధ్యాహ్నపు గాలికి మఱల రగులుకొనును.

మంట నడక

మన అడవులలో సాధారణముగా మంట నేలపైననే ప్రాకును. ఆకులు, గడ్డి, చిన్న మొక్కలు కాలును. పెద్ద చెట్లు పైకి నిలిచియే యుండును. అందుచే నష్టము స్వల్పమని చూపఱులు తలచెదరు. కాని రేపటి అడవికి ఆధారమైన లేతమొలకలును, గింజలును నశించును. నేలను కప్పియున్న ఆకుపొర పోయినచో తొలకరివాన నీరు ఇంకక, మంటిని కోసికొని పోవును. మాండ్వి ప్రాంతపు వాగులు తపతిలో కలియును. ఆ తపతి నీరే సూరతు నగరవాసులు త్రాగు నీరు. అడవి కాలుటకును, నగరములోని కుళాయికిని ఈ విధముగా సంబంధము కలదు.

కొండవాలున మంట పైకి మిక్కిలి వేగముగా ప్రాకును. వాలు పది డిగ్రీలు పెరిగినచో దాని వేగము సుమారు రెండింతలగును. ఈ సంగతి తెలియక మంట ముందు కొండపైకి పరుగెత్తువారు ప్రాణాపాయమున పడుదురు. 2018వ సంవత్సరము మార్చి 11వ తేదీన తమిళనాడులోని తేని జిల్లా కురంగణి కొండలలో విహారయాత్రకు పోయినవారు మంటలలో చిక్కుకొనగా ఇరువదిమందికి పైగా మరణించిరి. 2014 మార్చిలో తిరుమల సమీపమున శేషాచలపు అడవులు అంటుకొన్నప్పుడు మంట లార్పుటకు వాయుసేన హెలికాప్టర్లను సైతము రప్పింపవలసి వచ్చెను. ఆదిలో ఒక పచ్చికొమ్మతో ఆర్పదగిన మంటకు, ఆలస్యమైనచో ఆకాశమునుండి నీరు చల్లవలసివచ్చును.

పొగ చేయు కీడు

మంట కనబడునంత దూరమువఱకే దాని అపాయమని జనులు తలంతురు. ఇది పొరపాటు. 2019–20 వేసవిలో ఆస్ట్రేలియా దేశమున గొప్ప కార్చిచ్చులు చెలరేగినప్పుడు మంటలవలన నేరుగా మరణించినవారు 33 మంది. ఆ దేశపు తూర్పు ప్రాంతములలో ఆ పొగవలన మరణించినవారు సుమారు 417 మంది యని వైద్యపరిశోధకులు గణించిరి. వీరిలో పలువురు మంటను కంటితోనైనను చూచియుండరు.

పొగలో కంటికి కానరాని సూక్ష్మకణములు ఉండును. వానిలో 2.5 మైక్రానుల కంటె చిన్నవి మిక్కిలి హానికరములు. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. మనుష్యుని తలవెండ్రుక మందములో ఈ కణము ముప్పదవ వంతు మాత్రమే. ముక్కులోని వెండ్రుకలుగాని, గొంతులోని తేమగాని దీనిని ఆపజాలవు. అది ఊపిరితిత్తుల లోపలి గాలితిత్తుల వఱకు పోయి, కొంత రక్తమునందును ప్రవేశించును. దానివలన కన్నులు మండుట, దగ్గు, ఆయాసము కలుగును, ఉబ్బసము తిరుగబెట్టును, గుండెజబ్బు గలవారికి గుండెపోటు రావచ్చును. గాలిలో ఈ కణములు ఘనమీటరునకు, ఇరువదినాలుగు గంటల సగటున, 60 మైక్రోగ్రాములు మించరాదని మన దేశపు ప్రమాణము. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021లో సూచించిన హద్దు 15 మాత్రమే.

పసిపిల్లలు, గర్భిణీ స్త్రీలు, వృద్ధులు, ఉబ్బసము, క్షయ, గుండెజబ్బు గలవారు విశేషముగా జాగ్రత్త వహింపవలెను. మరమగ్గముల శాలలలో దినమెల్ల నూలుదుమ్ము పీల్చువారును, ఇంట కట్టెపొయ్యి వాడువారును ఇదివఱకే ఊపిరితిత్తులకు కొంత భారము మోపియుందురు. వారికి పొగ రెట్టింపు భారము.

పొగ క్రమ్మినప్పుడు చేయవలసినవి

1. తలుపులు, కిటికీలు మూసికొని లోపల ఉండవలెను. ఆ సమయమున ఇంటిలో కట్టెపొయ్యి, అగరువత్తులు, దోమలచుట్టలు వెలిగింపరాదు.

2. బయటికి పోక తప్పనిచో ఎన్-95 రకపు ముసుగును ముక్కునకును నోటికిని బాగుగా అంటునట్లు ధరింపవలెను. తడిగుడ్డ కట్టుకొన్న చాలునని పలువురి నమ్మకము. అది బూడిదను ఆపునే గాని సూక్ష్మకణములను ఆపదు.

3. బరువుపని, పరుగు, ఆటలు మానవలెను. శ్రమించువాడు అధికముగా గాలి పీల్చును. గాలితో కూడ పొగనును పీల్చును.

4. ఉబ్బసము, గుండెజబ్బులకు వైద్యులిచ్చిన మందులను విడువక వాడవలెను. ఆయాసము తగ్గనిచో, ఛాతీలో నొప్పి కలిగినచో, పెదవులు నీలివర్ణమైనచో వెంటనే 108కి ఫోను చేయవలెను.

మంటలో చిక్కినప్పుడు, ఒడలు కాలినప్పుడు

మంట కెదురుగాగాని, కొండపైకిగాని పరుగెత్తరాదు. గాలివాటమునకు అడ్డముగా, ప్రక్కకు తొలగి, పల్లమునకు దిగవలెను. ఇదివఱకే పూర్తిగా కాలిపోయిన నేల, ఇసుకవాగు, దున్నిన పొలము క్షేమకరములు; అచ్చట మంటకు ఇంధనము లేదు.

అడవికి పోవునప్పుడు నూలుబట్టలు కట్టుకొనుట మేలు. పాలియెస్టరు, నైలాను బట్టలు వేడికి కరగి చర్మమునకు అంటుకొనును. బట్టలు అంటుకొన్నచో పరుగెత్తక నేలపై పడి దొర్లవలెను.

కాలినచోట వెంటనే చల్లని మంచినీటిని ఇరువది నిమిషముల వఱకు ధారగా పోయవలెను. మంచుగడ్డ పెట్టరాదు. నెయ్యి, సిరా, పండ్లపొడి, పిండి మొదలగునవి పూయరాదు; ఇవి వేడిని లోపలనే బంధించి పుండును చెఱచును. గాజులు, ఉంగరములు వాపు రాకముందే తీసివేయవలెను. చర్మమునకు అంటిన గుడ్డను లాగరాదు, పొక్కులు చిదుపరాదు. శుభ్రమైన వస్త్రము వదులుగా కప్పి ఆసుపత్రికి చేర్పవలెను. ముఖము కాలినను, ముక్కురంధ్రములలో మసి కనబడినను, గొంతు బొంగురుపోయినను ఊపిరిత్రోవ వాచుచున్నదని గ్రహింపవలెను. అట్టివానిని క్షణమైనను జాగుచేయక తరలింపవలెను.

నివారణోపాయములు

వేసవికి ముందే అటవీశాఖవారు అడవినడుమ వెడల్పైన బాటలవలె నేలను శుభ్రపఱతురు. వీనిని అగ్నిరేఖలందురు. ఇంధనము లేనిచోట మంట ఆగునన్నదే దీనిలోని కిటుకు. అడవిచెంత నివసించువారు తమ ఇంటిచుట్టును, గడ్డివాములచుట్టును ఇట్లే ఆకు ఊడ్చి ఉంచుకొనవలెను.

డెహ్రాడూనులోని భారత అటవీ సర్వేక్షణ సంస్థ ఉపగ్రహముల సాయమున మండుచున్న చోటులను గుర్తించి అటవీశాఖకును, పేరు నమోదు చేసికొన్న పౌరులకును వార్త పంపుచున్నది. అయితే ఉపగ్రహము ఒక ప్రదేశముపైగా దినమునకు కొన్ని పర్యాయములే పోవును. పొగను ముందుగా చూడగలవాడు ఆ గ్రామస్థుడే. చూచినవాడు అటవీశాఖవారికిగాని, 112 లేక 101 సంఖ్యకుగాని తక్షణము తెలుపవలెను. శిక్షణ లేనివారు పెద్దమంటను ఆర్పబోరాదు.

రక్షితారణ్యమునకు నిప్పు పెట్టుట 1927 నాటి భారత అటవీ చట్టము ప్రకారము నేరము. కాని శిక్షాభయ మొక్కటియే చాలదు. పూలు ఏరుకొని పొట్టపోసికొను స్త్రీకి నిప్పు పెట్టవద్దని చెప్పువారు, వేఱొక మార్గము గూడ చూపవలెను. ఆ మార్గము సులభమైనదే. చెట్టుక్రింద వలగాని, పాతచీరగాని పఱచినచో పూలు దానిపైననే రాలును. వంగి ఏరు శ్రమ తగ్గును. మన్నును బూడిదయు అంటని పూవునకు మంచి ధర పలుకును. చీరల నగరమైన సూరతులో చిరిగిన చీరకు కొదువ లేదు. ఇచ్చటి కుటుంబములు వేసవికి ఊరు పోవునప్పుడు పాతచీరలు నాలుగు మూటగట్టుకొని పోయి, పూలేఱు బంధువులకు ఇచ్చి దీని ఉపయోగమును తెలుపవచ్చును. వల దొరకనిచో ఆకులను కాల్చక ప్రక్కకు ఊడ్చి, పూలు ఏరిన పిమ్మట ఎరువుగుంటలో వేయవచ్చును.

ఎక్కడనైనను నిప్పు వాడక తప్పనిచో, పని ముగిసిన వెంటనే నీరు పోసి, బూడిదను కలియబెట్టి, వెలికిచేతిని దగ్గఱకు చాపి వేడి తగులుటలేదని నిశ్చయపఱచుకొని మఱి కదలవలెను. దీనికి పట్టు కాలము అయిదు నిమిషములు. కాలిన అడవి మఱల చిగురించుటకు ఏండ్లు పట్టును; పొగచే చెడిన ఊపిరితిత్తులు పూర్వస్థితికి వచ్చునన్న నమ్మకము లేదు.