మల్లేశ్వరము: చెట్లనీడ నున్న పేట



చదువునకును, ఉద్యోగమునకును బెంగుళూరు చేరిన పిల్లలు మన పల్లెలలో పెక్కు కుటుంబములకు గలరు. వారిని చూడబోయిన పెద్దలలో కొందఱు ఆ నగరమున మల్లేశ్వరమను పేటను చూచియుందురు. వీథుల కిరువైపుల మహావృక్షములు, వాని నీడను పూలయంగళ్లు, అక్కడక్కడ తోటనడుమ పాత పెంకుటిండ్లు చూచినవారికి, ఇది భాగ్యవంతులు విలాసార్థము కట్టుకొన్న పేట యని తోచును. నిజమునకు ఆ పేటను పుట్టించినది మరణభయము. ఆ చరిత్రమును, అచ్చటి యిండ్ల కట్టడమును, వాని నేటి స్థితిని నేడు విన్నవించెదను. అందు మన గ్రామములకు పనికివచ్చు విషయ మొకటి కలదు.

మొదట పేరునుగూర్చి రెండు మాటలు. ఆ పేటలో కాడు మల్లేశ్వరుని యాలయమున్నది. నేటి మన వాడుకలో కాడు అనగానే వల్లకాడు జ్ఞప్తికి వచ్చును. కన్నడమున కాడనగా అడవి. కావున అడవిలోని మల్లేశ్వరుడని యర్థము. స్వామి మన శ్రీశైలమందలి మల్లికార్జునుని నామమే ధరించినవాడు. శివాజీకి సవతితమ్ముడగు ఏకోజీ 1669వ సంవత్సరమున ఈ స్వామి కైంకర్యమునకై మేదరనింగనహళ్లి యను గ్రామము నిచ్చినట్లు శిలాశాసనము కలదు. అనగా పేట యేర్పడుటకు రెండువందల యేండ్లకు పూర్వమే అచ్చట దేవుడును, పల్లెయు నుండినవి. పట్టణవాసులు ఆ యడవివైపు తరలవలసిన యగత్యమెట్లు కలిగెనో వినుడు.

1896వ సంవత్సరమున బొంబాయిలో ప్లేగు మహామారి తలసూపెను. 1898 ఆగస్టునాటికి అది బెంగుళూరు చేరెను. ఆనాటి పాత పట్టణమున ఇండ్లు గోడకు గోడ యానించి కట్టబడినవి. సందులు ఇరుకు. ధాన్యపు కొట్లును, సరకుల కొట్లును కాపురముండు ఇండ్లలోనే యుండెడివి. ధాన్యమున్నచోటికి ఎలుక వచ్చును. ఎలుక వెండ్రుకలలో దాగి నెత్తురు పీల్చు దుముకుడుపురుగు కూడ వచ్చును. ఎలుక చచ్చినంతనే ఆ పురుగు మనుష్యుని కుట్టి రోగము నెక్కించును. ప్లేగు సూక్ష్మజీవిని యెర్సిన్ అను శాస్త్రజ్ఞుడు 1894లో హాంగుకాంగున కనిపెట్టెను. పురుగు చేయు పనిని సిమోండ్ అను వైద్యుడు 1898లో నాటి అవిభక్త భారతదేశముననే పరిశోధించి తెలిపెను. కాని లోకము ఆయన మాటను నమ్ముటకు ఏండ్లు పట్టెను. అప్పటి యధికారులు గ్రహించిన దేమనగా, ఇరుకును, చీకటియు, మురికియు కూడినచోట జనులు ఎక్కువగా చచ్చుచున్నారని. ప్రజలు ఇండ్లు విడిచి ఊరి వెలుపల గుడిసెలలో తలదాచుకొనిరి. ప్లేగమ్మ యను పేర వెలసిన గుళ్లు నేటికిని ఆ నగరమున నున్నవి.

అప్పుడు మైసూరు సంస్థానమునకు మహారాణి వాణీవిలాస సన్నిధానమువారు పాలకురాలు. శేషాద్రి అయ్యరు గారు దివాను. పాత పట్టణపు ఒత్తిడి తగ్గించుటకై ఉత్తరపువైపున మల్లేశ్వరమును, దక్షిణపువైపున బసవనగుడిని క్రొత్త పేటలుగా ఏర్పఱచిరి. కొలది యేండ్లకు దండువైపున ఫ్రేజరుటౌను కూడ ప్లేగు భయము చేతనే వెలసెను. మల్లేశ్వరమున వీథులను నూలు పట్టినట్లు నిలువుగను అడ్డముగను తీర్చిరి. అడ్డవీథులకు అంకెలే పేరులు. ఎనిమిదవ అడ్డవీథి, పదునెనిమిదవ అడ్డవీథి యని నేటికిని వ్యవహారము. ప్రతి యిల్లును తన నేల నడుమ నిలువవలెను. నలుప్రక్కల గాలి యాడవలెను. ఇండ్ల వెనుక సన్నని సందు విడిచిరి.

ఈ వెనుకసందునుగూర్చి చెప్పవలసిన మాట యున్నది. అది పాకీపనివారి రాకపోకలకై యేర్పడినది. నీటిమరుగుదొడ్లు లేని ఆ కాలమున వారు ఇంటివారి కంటబడక వెనుకనే వచ్చి వెనుకనే పోవలెను. ముందువీథి శుభ్రతయు, ఇంటివారి యారోగ్యమును వారి చేతుల కష్టముపై నిలిచియుండగా, వీథివాకిలి మాత్రము వారికి తెఱవబడలేదు. మన పల్లెలలోను ఇట్లే యుండెనని పెద్ద లెఱుగుదురు. మనుష్యునిచే మలము నెత్తించుట 1993, 2013 సంవత్సరముల చట్టములచే నిషేధింపబడినది. పేటలోని చెట్లను పొగడి ఈ సందును మఱచుట న్యాయము గాదు.

ఇక ఇండ్లు. ఉద్యోగవిరామానంతరము నేను కొన్నివారము లచ్చట నుండి, ఉదయమున వీథి వీథియు నడచి, మిగిలియున్న పాత యిండ్లను చూచితిని. వీథినుండి గేటు తెఱచి లోనికి పోగా మొదట తోట. కొబ్బరి, మామిడి, సంపెంగ. పిదప మెట్లు, ముందు వసారా, దానివెనుక కూడము. వసారాకును, కిటికీలకును పైభాగమున సన్నని చెక్కపలకలు వరుసగా దిగగొట్టి, కొనదేలిన టోపీవంటి కప్పు నమర్చుదురు. దీనిని మంకీటాపు అందురు. అది ఎండను, వానజల్లును ఆపుచు గాలిని లోనికి విడుచును. గదుల కప్పు మిక్కిలి ఎత్తు. కప్పునకు దిగువను చిన్న గవాక్షములుండును. వేడిగాలి పైకెక్కి వానిగుండ వెడలిపోవును. నేల, కావిరంగు కలిపి అద్దమువలె నునుపుచేసిన ఎఱ్ఱగచ్చు. ఎలుక దానిలో కన్నము వేయజాలదు. పైకప్పు కొన్నిటికి గచ్చుమిద్దె, కొన్నిటికి పెంకు. మనవైపు బెంగుళూరు పెంకు అని పిలుచునది నిజమునకు మంగుళూరు పెంకు. 1860వ దశాబ్దిలో బాసెల్ మిషనువారు మంగుళూరున దాని కార్ఖానాలను నెలకొల్పిరి. పిదప అది దక్షిణదేశమంతట వ్యాపించెను.

చెట్లు తమంతట మొలచినవి కావు. ఈ పేటలోని పెద్దవీథు లొకదానికి సంపిగె రోడ్డనియు, ఒకదానికి మార్గోసా రోడ్డనియు పేరు. మొదటిది మన సంపెంగ, రెండవది వేప. 1908లో క్రుంబీగల్ అను జర్మను తోటశాస్త్రవేత్త మైసూరు సంస్థానపు కొలువులో చేరి లాల్‌బాగు వనమునకు పెద్దయయ్యెను. ఒక ఋతువున ఒక జాతి పూచి రాలులోపల వేఱొక జాతి పూయునట్లు ఎంచి, బెంగుళూరు వీథులలో వృక్షములు నాటించుట ఆయన పద్ధతి. ఆయన పిదప ఆ పదవి నధిష్ఠించిన వారును ఆ మార్గమునే సాగించిరి. తురాయి, నిద్రగన్నేరు, కానుగ మొదలగునవి నేడు నగరమున నీడనిచ్చుచున్నవి.

పేటకు చేరువనే 1909లో భారతీయ విజ్ఞానసంస్థ స్థాపితమగుటచే పండితులును అచ్చట కాపురములు పెట్టిరి. బాల్యమున విశాఖపట్టణమున చదువుకొన్న చంద్రశేఖర వేంకటరామన్ గారు, 1930లో నోబెలు బహుమానమునంది, 1933లో ఆ సంస్థకు అధ్యక్షులై వచ్చిరి. పదునైదవ అడ్డవీథిలోని పంచవటి యను చెట్ల నడిమి ఇల్లు వారిదే.

నేటి స్థితి యెట్లున్నది? పాత యిండ్లు కొన్ని నిలిచియున్నవి; పెక్కింటిచోట అపార్టుమెంటు మేడలు లేచినవి. దీనికి కారణమును చల్లగా విచారింపవలెను. ఒక యింటి యజమానికి నలుగురు సంతానమనుకొందము. ఆయన పోయిన పిదప ఆ యింటిని నాలుగు ముక్కలు చేయుట సాధ్యము గాదు. ఒక్కరుంచుకొని మువ్వురకు సొమ్ము ఇత్తమన్న, నేలవెల ఒక్కరికి అందనిది. అప్పుడు మేడలు కట్టు వ్యాపారి వచ్చి, స్థలమిచ్చినచో నలుగురకు నాలుగు భాగములు కట్టి యిత్తుననును. ఇందులో దురాశ కంటె నిరుపాయతయే యెక్కువ. మఱియు, పాత యింటి పెంకును, కలపను, గచ్చును బాగుచేయు పనివాండ్రు దొరకుట కష్టము. ముసలిదంపతులకు మెట్లును, చెదలును, తోటపనియు భారము.

కాని పోవుచున్న దేది? గోడలే పోయిన విచారము కొంత. గోడలతోపాటు ఇంటిచుట్టునున్న ఖాళీనేల పోవుచున్నది. ఒక కుటుంబ ముండినచోట పది కుటుంబములు వచ్చును; తోటయుండినచోట కార్లు నిలుచును. నేలయంతయు కాంక్రీటుతో కప్పబడగా వాననీరు భూమిలో నింకదు, చెట్టువేరునకు ఊపిరియాడదు. ప్లేగునకు మందుగా విడువబడిన ఆ ఖాళీ, రోగము పోగానే వ్యర్థమని యెంచబడెను.

నగరము పెరుగుటయు నిజము. 2010లో సంపిగె రోడ్డు చివర మంత్రి స్క్వేరు అను అంగళ్ల మేడ తెఱవబడెను. 2014 మార్చి 1వ తేదీన దాని చెంతకు మెట్రోరైలు వచ్చెను. రాకపోకలు సులభమైనవి. అయినను అచ్చటివారు ఊరకుండలేదు. 1882లో కట్టబడిన సాంకీ చెఱువుప్రక్క రోడ్డు వెడల్పునకై 2011లో చెట్లు కొట్టబూనగా, ముసలివారును, బాలురును వీథిలోనికి వచ్చి అడ్డుచెప్పిరి. ఇల్లు ఎవరి సొత్తు వారిదే గాని నీడ అందఱిదని వారు గ్రహించిరి.

పెద్దలారా, ఇది బెంగుళూరు మాటయే గాదు. మన పల్లెలలోను పెంకుటిండ్లు పోయి హద్దునుండి హద్దువఱకు స్లాబుమిద్దెలు లేచుచున్నవి. సిమెంటు ఇల్లు తప్పనను. పాక కాలును, గోడ నానును. గట్టి యిల్లు కోరుట ధర్మమే. కాని ప్రక్కయింటిగోడకును మనగోడకును నడుమ మనుష్యుడు నడచునంత చోటైన విడువక కట్టినచో, 120 ఏండ్లకు పూర్వము పట్టణమువారు దేనినుండి పరుగెత్తిరో దానినే మనము ధనమిచ్చి కట్టుకొన్నవారమగుదుము.

అన్నదమ్ముల పంపకపు కాగితములు వ్రాయించుట, ఊరిలో తగవులు తీర్చుట మీ చేతిలోని పని. ఆ కాగితములలో గోడలు పంచుచున్నాము, బావి పంచుచున్నాము, పశువుల కొట్టము పంచుచున్నాము. నడుమ ఇంత నేల ఉమ్మడిగా ఖాళీయుండవలెననియు, పెరటిలోని వేపచెట్టు ఎవరి వంతునకు వచ్చినను కొట్టగూడదనియు ఒక్క పంక్తి చేర్పించుడు. సిరా ఖర్చు స్వల్పము. ఆ పంక్తి ఉన్న యింట మనుమలు గాలి పీల్చుదురు.