స్టూడియో మానిటర్లలో గుయ్‌మని శబ్దం వస్తోందా? స్పీకర్‌ను అనుమానించే ముందు కేబుల్ చూడండి!

యూట్యూబ్ వీడియోలు, కవర్ సాంగ్స్, పాడ్‌కాస్ట్‌లు.. ఇంట్లోనే ఎడిటింగ్, మిక్సింగ్ చేసుకునేవాళ్లు స్టూడియో మానిటర్లు కొంటుంటారు. తీరా కనెక్ట్ చేశాక, పాట ఆపినా 'గుయ్‌..' అని ఒకటే శబ్దం! పీస్ పాడైందని వెనక్కి పంపేస్తారు కొందరు. కానీ చాలాసార్లు తప్పు స్పీకర్‌ది కాదు. ఇంట్లో ఉన్న ఏదో ఒక వైరు తగిలించేయడం వల్లే ఈ తలనొప్పి.

స్పీకర్ వైరు ఎందుకు వద్దు?

పవర్డ్ మానిటర్‌లో ఆంప్లిఫయర్ లోపలే ఉంటుంది. కాబట్టి ఆడియో వైరులో వచ్చేది చాలా చిన్న సిగ్నల్. హోమ్ థియేటర్‌కు వాడే మామూలు ఎరుపు-నలుపు స్పీకర్ వైరుకు పైన షీల్డ్ ఉండదు. చుట్టుపక్కల కరెంటు వైర్ల నాయిస్‌ను అది పట్టేస్తుంది. అందుకే ఇక్కడ ఆ వైరు వాడొద్దు.

బ్యాలెన్స్‌డ్ కేబుల్ అంటే?

ఇందులో రెండు తీగలు, వాటి చుట్టూ షీల్డ్ ఉంటాయి. సాధారణంగా ఒక తీగలో సిగ్నల్ నేరుగా, రెండో దాంట్లో తిరగబడి వెళ్తుంది. దారిలో కలిసే నాయిస్ మాత్రం రెండింటిలోనూ ఒకేలా ఉంటుంది. మానిటర్ ఆ రెండింటి మధ్య తేడానే తీసుకుంటుంది. దాంతో నాయిస్ పోయి.. పాట మిగులుతుంది.

ఇది చిన్న విషయం కాదు. మన కరెంటు 50 హెర్ట్జ్. ఆ గుయ్‌మనే శబ్దం 50, 100 హెర్ట్జ్ దగ్గరే, అంటే సరిగ్గా బేస్ ఉండే చోటే వస్తుంది. దాన్ని వింటూ మిక్సింగ్ చేస్తే బేస్ అంచనా తప్పుతుంది.

ఎలా గుర్తుపట్టాలి?

6.35 ఎంఎం పిన్ తీసుకుని చూడండి. షాపుల్లో దీన్నే పి-38 అంటారు. పిన్ మీద ఒకే నల్ల గీత ఉంటే అది టీఎస్, అంటే గిటార్ కేబుల్ రకం. రెండు గీతలుంటే టీఆర్ఎస్. మూడు పిన్నుల గుండ్రటి మైక్ కనెక్టర్ ఎక్స్ఎల్ఆర్. మానిటర్‌కు టీఆర్ఎస్, ఎక్స్ఎల్ఆర్ రెండూ బ్యాలెన్స్‌డే. క్వాలిటీలో తేడా ఉండదు. సాకెట్ ఏది ఉంటే అదే కొనండి.

మీకు ఏది కావాలి?

* ఆడియో ఇంటర్‌ఫేస్ ఉంటే: ఉదాహరణకు ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2 వెనక టీఆర్ఎస్ అవుట్‌పుట్లు ఉంటాయి. యమహా హెచ్ఎస్5కు టీఆర్ఎస్, ఎక్స్ఎల్ఆర్ రెండూ ఉంటాయి. టీఆర్ఎస్ టు టీఆర్ఎస్ లేదా టీఆర్ఎస్ టు ఎక్స్ఎల్ఆర్ మేల్.. ఏదైనా ఓకే. స్పీకర్‌కు ఒకటి చొప్పున మొత్తం రెండు కేబుల్స్ కావాలి.

* ల్యాప్‌టాప్ లేదా ఫోన్ 3.5 ఎంఎం జాక్ నుంచి అయితే: ఒకవైపు 3.5 ఎంఎం స్టీరియో, రెండోవైపు రెండు టీఎస్ మోనో పిన్నులున్న 'వై' కేబుల్ తీసుకోండి. స్టీరియో పిన్‌ను నేరుగా ఒకే మానిటర్ టీఆర్ఎస్ సాకెట్‌లో పెట్టకండి. అది లెఫ్ట్‌లోంచి రైట్‌ను తీసేస్తుంది. రెండువైపులా సమానంగా ఉండే సింగర్ గొంతు దాదాపు మాయమైపోతుంది!

* ఆర్‌సీఏ అవుట్‌పుట్ ఉంటే: అది బ్యాలెన్స్‌డ్ కాదు. ఖరీదైన కేబుల్ పెట్టినా బ్యాలెన్స్‌డ్‌గా మారదు. రెండు చివర్లూ బ్యాలెన్స్‌డ్ అయితేనే ఫలితం. వైరు రెండు, మూడు మీటర్లు దాటకుండా చూసుకోండి.

డబ్బు ఎక్కడ పెట్టాలి?

బంగారు పూత వల్ల పిన్ తుప్పు పట్టదు, అంతే. సౌండ్ మారిపోదు. పిన్ గట్టిగా కూర్చుంటుందా, వైరు మడత దగ్గర బలంగా ఉందా అన్నది చూడండి. బ్యాలెన్స్‌డ్ కేబుల్ అయితే గదిలో ఎంత పొడవు కావాలన్నా ఇబ్బంది లేదు.

ఇది మాత్రం అస్సలు చేయొద్దు!

నాయిస్ తగ్గుతుందని త్రీ పిన్ ప్లగ్‌లో ఎర్త్ పిన్ తీసేస్తారు కొందరు. శబ్దం తగ్గొచ్చు కానీ, లోపల ఏదైనా షార్ట్ అయితే స్పీకర్ మెటల్ భాగాలకు కరెంటు వస్తుంది. అప్పుడు ముట్టుకుంటే ప్రాణాలకే ముప్పు. దాని బదులు ఇంటర్‌ఫేస్‌కు కనెక్ట్ చేసిన ల్యాప్‌టాప్ ఛార్జర్‌ను, మానిటర్లను ఒకే ఎర్తింగ్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టండి. ఛార్జర్ తీసి బ్యాటరీ మీద నడిపి చూడండి. శబ్దం ఆగిపోతే గొడవ స్పీకర్‌ది కాదు, ఎర్త్ లూప్‌ది.

ఇంకా అనుమానమా? మానిటర్ నుంచి ఆడియో కేబుల్ పూర్తిగా తీసేసి పవర్ ఆన్ చేయండి. సైలెంట్‌గా ఉంటే స్పీకర్ బాగున్నట్టే. అప్పుడు కూడా గట్టిగా గుయ్‌మంటేనే సర్వీస్ సెంటర్‌కు వెళ్లండి.