పెరట్లో పండిన కూర

1967లో సాగర్ కాలువలకు నీళ్లు వదిలినప్పటి నుంచి మా మిర్యాలగూడ వైపు ఎటు చూసినా వరే. బియ్యానికి కరువు లేదు గానీ, కూరగాయలకు సంచి పట్టుకుని పోవాల్సిందే. నెలాఖరులో ఆ ఖర్చు ఎంత బాధో మీకు చెప్పాలా?

అందుకే మొదటిసారి, మృగశిర వానకు పెరట్లో రెండు మంచాలంత జాగా తవ్వి, చివికిన పశువుల ఎరువు కలిపి బెండ, తోటకూర వేశాను. గోడ పక్కన బీరపాదు. మీది నల్లరేగడైతే బోదెలు ఎత్తి వేయండి, నీళ్లు నిలిస్తే వేరు కుళ్లుతుంది. తోటకూర నెల తిరక్కుండానే పప్పులోకి వచ్చింది. "ఇదేం పంట!" అని నవ్విన మా అత్తమ్మే రెండోసారి వడ్డించుకున్నారు!

బెండ నెలన్నరకు కాసింది. రోజు విడిచి రోజు కోయాలి, లేకుంటే ముదిరి పీచు పడుతుంది. ఆకు ఈనెలు పచ్చబడ్డ మొక్కను మాత్రం జాలిపడకుండా పీకేయండి. అది తెల్లదోమ అంటించే తెగులు, మందులకు పోదు, పక్క మొక్కలకూ పాకుతుంది. కాయలతో ఉన్నవి నాలుగు పీకేటప్పుడు నా ప్రాణం ఉసూరుమంది. మిగిలినవాటికి లీటరు నీళ్లకు చెంచాడు వేపనూనె, కాస్త సబ్బునురగ కలిపి సాయంత్రాలు చల్లాను.

వాన మొహం చాటేసినప్పుడు బియ్యం, పప్పు కడిగిన నీళ్లే సరిపోయాయి. బతుకమ్మలోకి మా బీరపూలే పెట్టాం. లేత బీర తొక్కు పారేయకండి, పచ్చడికి బాగుంటుంది.

ఇప్పుడు ఆ మడిలోనే కొత్తిమీర. ధనియాలు రెండు బద్దలయ్యేలా నలిపి చల్లండి.