విశాఖ రాతపెట్టె

మూసి ఉన్నప్పుడు నగల పెట్టెలాగే కనిపిస్తుంది. తాళం తీసి మూతను ముందుకు వాలిస్తే రెండు భాగాలూ కలిసి ఏటవాలు బల్ల అవుతాయి. మకమల్ పరిచిన ఆ పలకల మీదే రాత. పై అంచున కలాలకు పొడవాటి అర, పక్కనే సిరాబుడ్ల గుంటలు. పలక ఎత్తితే కాగితాలు దాచుకునే చోటు. కొన్నిటిలో చిన్న చెక్క ఒకటి పైకి లాగితే తప్ప బయటపడని దొంగ సొరుగులూ ఉంటాయి. ఊరూరా తిరిగే ఉద్యోగికి అదే కచేరీ.

ఇలాంటివి ఇంగ్లండులో బోలెడు. జేన్ ఆస్టెన్ వాడిన రాతపెట్టె బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. 18, 19 శతాబ్దాల్లో విశాఖపట్నంలో చేసిన దంతపు పెట్టెల తీరు మాత్రం వేరు.

మొదట్లో మన పనివాళ్లు రోజ్‌వుడ్ లాంటి ముదురు చెక్కలో గాడులు తీసి దంతపు ముక్కలు పొదిగేవారు. 1756లోనే మేజర్ జాన్ కార్నీల్ ఈ ప్రాంతపు పొదుగు పని గురించి రాశాడు. తర్వాత పద్ధతి మారింది. దంతాన్ని పలుచటి రేకులుగా కోసి పెట్టె మొత్తానికీ తొడిగారు. ఊడకుండా అక్కడక్కడా సన్నటి మేకులు దించారు. ఆ తెల్లటి రేకు మీద పువ్వులూ తీగలూ గీరి, గీతల్లో నల్ల లక్క నింపి, పైకి మిగిలింది గీకేసి నునుపు చేశారు. దూరం నుంచి చూస్తే సిరాతో గీసిన బొమ్మే అనిపిస్తుంది. లక్క రాలిన చోట భూతద్దం పెడితే ఖాళీ గాడి కనబడుతుంది. నా లెక్కలో పొదుగు కన్నా ఈ గీతే కష్టం. పనిముట్టు జారితే చెరుపుకోవడానికి ఉండదు.

అంచుల్లోని పూలతీగలు కోస్తా అద్దకపు బట్టల మీదివే అనిపిస్తాయి. మూత మీద మాత్రం, కొన్నిటిలో, ఇంగ్లిషు మేడలు! కొనేవాళ్లు కంపెనీ దొరలు కదా, అక్కడి అచ్చుబొమ్మలు చూసి చెక్కారు. ఆ చెక్కినవాళ్ల పేర్లు దాదాపు ఎక్కడా దొరకవు.

దంతమా, ఎముకా అని అనుమానం వస్తే దగ్గరగా చూడండి. ఎముక మీద సన్నటి చుక్కలుంటాయి. దంతాన్ని అడ్డంగా కోసిన చోట ఒకదాన్నొకటి దాటే వంపు గీతలుంటాయి.

ఇంట్లో తాతలనాటి దంతపు పెట్టె ఉంటే ఎండకూ తడికీ దూరంగా పెట్టి, పొడిగుడ్డతో తుడవండి. దంతపు వస్తువుల వ్యాపారం మన దేశంలో నేరం. అమ్మే మాట ఎత్తకముందే అటవీశాఖను అడగండి.