బల్ల దగ్గర బిడ్డ ఒంటరి

2012 డిసెంబరులో, మనమందరం క్రిస్మస్ పనుల్లో తలమునకలై ఉన్న రోజుల్లో, హైదరాబాదులో ప్రపంచ జూనియర్ టేబుల్ టెన్నిస్ పోటీలు జరిగాయి. పద్దెనిమిదేళ్లలోపు బాలబాలికలు దేశదేశాలనుండి వచ్చి ఆడారు. అదే క్రికెట్టయితే టీ కొట్టు దగ్గర కూడ మాట్లాడుకొనేవారు. ఈ ఆటంటే మనవాళ్లకు క్యారమ్స్‌లాగా వాన కురిసినప్పటి కాలక్షేపమే. చదువుకొనే పిల్లలున్న ఇళ్లకు ఈ పోటీల సంగతి పనికివస్తుందని తలంచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

బంతి బరువు మూడు గ్రాములైనా ఉండదు. ముందుగా పదకొండు పాయింట్లు తెచ్చుకొన్నవారిది గేము, అయితే రెండు పాయింట్ల ఆధిక్యం ఉండాలి. ఇంతవరకు ఎవరికైనా అర్థమవుతుంది. కష్టమంతా బంతి గిరగిర తిరగడంలో ఉంది. అవతలివాడు దానిని ఏ వైపు త్రిప్పి పంపాడో అతని మణికట్టు చూసి, రెప్పపాటులో పోల్చుకోవాలి. పోల్చుకోలేకపోతే మెల్లగా వచ్చిన బంతి కూడ బ్యాటుకు తగిలి ఎక్కడికో ఎగిరిపోతుంది.

మమ్మును ఎక్కువగా ఆలోచింపజేసినది మరొకటి. ఆనాటి నియమం ప్రకారం ఆట నడుస్తుండగా శిక్షకుడు నోరు మెదపకూడదు. రెండు గేముల నడుమ దొరికే ఒక నిమిషంలోను, మ్యాచి మొత్తంలో ఒక్కసారి అడిగి తీసికొనే నిమిషం విరామంలోను మాత్రమే సలహా చెప్పాలి. మీరితే అంపైరు మొదట పసుపు కార్డు చూపుతాడు, మరల మీరితే ఎర్ర కార్డు చూపి బయటికి పంపుతాడు. అనగా పదిహేనేళ్ల పిల్లవాడు తొమ్మిది–తొమ్మిది దగ్గర నిలిచినప్పుడు, ఏ సర్వీసు వేయాలో అతడే నిర్ణయించుకోవాలి. ఎంతగానో నేర్పిన గురువు పది అడుగుల దూరంలో చేతులు ముడుచుకొని కూర్చోవలసిందే. 2016లో ఈ నియమాన్ని సడలించి, పాయింటుకు పాయింటుకు నడుమ చెప్పవచ్చన్నారు. మాకైతే పాత పద్ధతే పిల్లలకు మేలనిపిస్తుంది. మన బడుల్లో ఆటల పోటీలప్పుడు గీత ప్రక్కన నిలబడి, “అటు కాదురా, ఇటు!” అని గొంతు చించుకొనే తండ్రులను మనం చూస్తూనే ఉన్నాము గదా!

మరొక ముచ్చటైన ఆచారం కూడ ఉంది. బంతి వలకు తగిలి అవతల పడినా, బల్ల అంచును రాసుకొని జారిపోయినా, ఆ పాయింటు గెలిచినవాడు చెయ్యి కొంచెం ఎత్తి ఎదుటివానికి క్షమాపణ తెలుపుతాడు. ఇది నా నేర్పువల్ల వచ్చింది కాదని ఒప్పుకోవడమన్నమాట. నియమావళి ఇలా చేయమనదు. అయినా పెద్దలను చూచి పిల్లలు నేర్చుకొంటారు.

హైదరాబాదులో బాలుర సింగిల్స్ గెలిచినవాడు చైనాకు చెందిన ఫాన్ ఝెన్‌డాంగ్, వయస్సు పదిహేనేళ్లు. అంతటివాడు కూడ ఒలింపిక్ సింగిల్స్ స్వర్ణం కొరకు పన్నెండేళ్లు ఆగవలసి వచ్చింది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్ ఫైనల్లో తన దేశస్థుడైన మా లాంగ్ చేతిలో ఓడిపోయాడు. 2024లో పారిస్‌లో క్వార్టర్ ఫైనల్లో జపాను యువకుడు హరిమోతో మొదటి రెండు గేములు గెలిచేశాడు. ఈ హరిమోతో కూడ పదమూడేళ్లకే, 2016లో, ప్రపంచ జూనియర్ విజేత అయినవాడే. ఫాన్ అక్కడనుండి కోలుకొని నాలుగు–మూడు గేములతో నెగ్గి, తుదకు స్వర్ణం అందుకొన్నాడు.

బాలికల విజేత ఝూ యూలింగ్ కథ వేరు. పెద్దల పోటీల్లో పైకి వచ్చిన తర్వాత అనారోగ్యంవల్ల ఆట మానుకొని, కొన్నేళ్లకు మకావు పక్షాన తిరిగి వచ్చింది. 2025లో అమెరికాలోని లాస్ వేగాస్‌లో పెద్ద టోర్నమెంటు గెలిచింది. హైదరాబాదు విజయానికి అప్పటికి పన్నెండేళ్లు దాటాయి.

ఆ పోటీలు జరిగిననాడు మన హైదరాబాదు అమ్మాయి ఆకుల శ్రీజకు పద్నాలుగేళ్లు. పదేళ్ల తర్వాత 2022లో ఆమె జాతీయ మహిళా విజేత అయింది. అదే సంవత్సరం బర్మింగ్‌హామ్ కామన్‌వెల్త్ క్రీడల్లో, ఆగస్టు 7న, సింగిల్స్ కాంస్యం కొరకు ఆడి ఏడో గేములో ఓడిపోయింది. చేతికందిన పతకం జారిపోయిన ఆ రోజే, శరత్ కమల్‌తో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ ఫైనల్ ఆడి స్వర్ణం గెలిచింది. ఆ రెండు ఆటల నడుమ గడిచిన గంటలను ఆ అమ్మాయి ఎలా గడిపి ఉంటుందో, ఎదిగే ఆడపిల్లలున్న తల్లులు ఊహించుకోగలరు. 2024లో పారిస్‌లో, తన ఇరవై ఆరవ పుట్టినరోజున, సింగిల్స్‌లో చివరి పదహారుగురిలో నిలిచింది.

జూనియర్ పోటీలు 2021నుండి ప్రపంచ యూత్ పోటీలుగా మారాయి. పందొమ్మిదేళ్లలోపు, పదిహేనేళ్లలోపు అని ఇప్పుడు రెండు తరగతులు.

ఇదంతా పట్నంవారికి, డబ్బున్నవారికి అని కొట్టివేయనవసరం లేదు. చైనాలో బడుల్లోను, పార్కుల్లోను సిమెంటు బల్లలపై, వలకు బదులు ఇటుకలు పేర్చుకొని ఆడే పిల్లలున్నారు. కొలతలు సులభమే: పొడవు 9 అడుగులు, వెడల్పు 5 అడుగులు, ఎత్తు రెండున్నర అడుగులు, వల ఎత్తు 6 అంగుళాలు. ఊరి వడ్రంగి ప్లైవుడ్డుతో చేయగలడు. మేస్త్రీ అయితే బడి ఆవరణలో సిమెంటుతో పోయగలడు, అది ఎండకు వానకు చెడదు. పైభాగం నున్నగా, మట్టంగా ఉండాలి, లేకపోతే బంతి సరిగా లేవదు. గాలికి ఇంత తేలికైన బంతి నిలవదు గనుక, గోడ చాటున వేయించడం మంచిది. చుట్టూ నాలుగైదు అడుగుల ఖాళీ తప్పక వదలాలి, పిల్లలు వెనుకకు పరుగెత్తి గోడకు కొట్టుకుంటారు.